నేటి చిన్న మిఠాయి, మరువారపు పెద్ద మిఠాయి

ఈ కాలపు పిల్లలకు ఓర్పు లేదను మాట మన ఆలయములలో ప్రసాదము పంచబడు వేళ తఱచు వినబడుచుండును. చెరకు నాటి మొదటి కోతకై ఏడాదికి పైగా కాచుకొనియుండిన తాతల మనుమలు, నేడు ఒక గుర్రము పేరు చెప్పి సాయంకాలమునకే ధనవంతులు కాగోరుచున్నారని పెద్దలు వాపోవుచున్నారు. ఈ మాటలో నిజము లేకపోలేదు. కుమార్తె పెండ్లికై కూడబెట్టిన సొమ్ము పందెములలో కరగిపోయిన గృహములకు శాంతి చేయించుటకై మేము వెళ్లియున్నాము. అట్టి యింటి తల్లి కన్నీటితో అడుగు ప్రశ్న ఒక్కటియే: "వీనికి బుద్ధి ఏల లేదు, పంతులుగారూ?"

ఆ ప్రశ్నకు పూర్వజన్మ పాపమనియో, గ్రహచారమనియో ఉత్తరము చెప్పుట సులభము. కాని గత 70 సంవత్సరములలో మనస్తత్వ శాస్త్రజ్ఞులును, మెదడును పరిశోధించువారును ఈ విషయమున చేసిన పరీక్షలను గూర్చి చదివి తెలిసికొన్న పిమ్మట, ఆ ప్రశ్ననే మార్చి అడుగవలెనని మాకు తోచినది. మనుష్యుడు రేపటి పెద్ద ఫలమును విడిచి నేటి చిన్న ఫలమును ఏల కోరును? అది బుద్ధిహీనతయా? లేక వాని మెదడు తాను చూచినదాని నుండి నేర్చుకొన్న పాఠమా?

ఈ విచారమునకు ఆదిలో ఒక ద్వీపము కలదు. అదియు ఒకప్పుడు మన మారిషస్ వలెనే చెరకుతోటల ద్వీపము. వెస్టిండీసులోని ట్రినిడాడ్‌లో 1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను నౌకనుండి మొదటి భారతీయ కూలీలు దిగిరి. ఆ ఒప్పందపు వలస 1917 వరకు సాగెను. వారిలో అధికులు కలకత్తా రేవునుండి వెడలినవారు. మద్రాసు రేవునుండి వెడలిన నౌకలును కొన్ని కలవు. 1950 తరువాతి సంవత్సరములలో వాల్టర్ మిషెల్ అను యువ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆ ద్వీపపు దక్షిణ భాగమునకు వచ్చి కొంతకాలము నివసించెను. ఆయన 1930లో వియన్నా నగరమున యూదు కుటుంబమున జన్మించి, 1938లో నాజీలు ఆ దేశమును ఆక్రమింపగా తల్లిదండ్రులతో పారిపోయి అమెరికా చేరినవాడు. ఇల్లు విడిచి సముద్రము దాటుట యన నేమో ఆయనకు బాల్యముననే తెలియును.

ఆ పల్లెప్రాంతమున భారతీయ సంతతివారును, ఆఫ్రికా సంతతివారును ఇరుగుపొరుగున ఉండిరి. ఆ ఆఫ్రికా సంతతివారు నేటి సుఖమునే చూచుకొని రేపటిని తలపరని మనవారి నింద. ఈ భారతీయులు సొమ్ము పరుపుక్రింద దాచుటయే గాని అనుభవించుట ఎఱుగరని వారి పరిహాసము. ఇట్టి మాటలు మన ద్వీపమునను వినబడనివి కావు గదా. మిషెల్ ఆ రెండు మాటలను విని ఊరకుండక, పరీక్షించి చూడదలచెను. రెండు సంతతుల పిల్లలును కలసి చదువు పాఠశాలకు పోయి, 7 మొదలు 9 ఏండ్ల వయస్సుగల 53 మంది బాలబాలికలకు కొన్ని ప్రశ్నలు వేసి, తుదకు ఒక కోరికను వారియెదుట నుంచెను. ఒక సెంటు వెలగల మిఠాయి కావలెనన్న ఇప్పుడే తీసికొనవచ్చును. 10 సెంట్ల మిఠాయి కావలెనన్న వారము దినములు ఆగవలెను. ఏది కావలెను?

1958లో ప్రకటితమైన ఫలితము ప్రకారము, భారతీయ సంతతి పిల్లలలో ఆగుదుమన్నవారు ఎక్కువ. ఆఫ్రికా సంతతి పిల్లలలో ఇప్పుడే ఇమ్మన్నవారు ఎక్కువ. ఇంతవరకు విన్న మన పెద్దలు మీసము దువ్వుకొనవచ్చును. కాని మిషెల్ అక్కడ ఆగలేదు. ఎవరి యింట తండ్రి ఉన్నాడు, ఎవరి యింట లేడు అను సంగతిని కూడ ఆయన తెలిసికొనియుండెను. భారతీయ పిల్లల యిండ్లలో దాదాపు అందఱికిని తండ్రి కలడు. ఆఫ్రికా సంతతి పిల్లలలో పెక్కుమందికి తండ్రి యింట లేడు. తండ్రి యింటనున్న పిల్లలను మాత్రమే విడదీసి పోల్చగా, రెండు సంతతుల నడుమ నున్న భేదము మాయమయ్యెను. కావున అది రక్తములోని గుణము కాదు. వారము దినముల పిమ్మట మిఠాయి తెచ్చెదనని ఒక క్రొత్త మనుష్యుడు వచ్చి చెప్పినప్పుడు, ఆ మాటను నమ్మవచ్చునా యని పిల్లవాడు తనలో తాను విచారించుకొనును. పెద్దవారు వెళ్లి తిరిగివచ్చుట చూచినవాడు నమ్మును. వెళ్లినవారు రాకపోవుట చూచినవాడు చేతికి వచ్చినది పుచ్చుకొనును. ఇందులో రెండవవానిది తెలివితక్కువ యని మేము చెప్పజాలము.

ఇదే మిషెల్ తరువాత అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున, 1960–70 దశాబ్దపు చివరను, దాని పిమ్మటను చేసిన పరీక్షలు లోకప్రసిద్ధములు. నాలుగేండ్ల యీడు పిల్లవానిని ఒక గదిలో కూర్చుండబెట్టి, మార్ష్‌మాలో అను మెత్తని తెల్లని మిఠాయిని గాని, మఱియొక తినుబండారమును గాని యెదుట నుంచి, పెద్దవాడు వెలుపలికి పోవును. తాను తిరిగి వచ్చువఱకు ఆగినచో రెండు లభించును. ఆగలేనిచో గంట వాయించి ఒకటి తినవచ్చును. 15 నిమిషములు పిల్లవానికి ఒక యుగము. మిఠాయి కంటికెదురుగ ఉన్నప్పుడు ఆగుట మిక్కిలి కష్టము. దానిని కప్పినచో సులభము. కొందఱు పిల్లలు కన్నులు మూసికొనిరి, కొందఱు గోడవైపు తిరిగిరి, కొందఱు తమలో తాము పాడుకొనిరి. ఆ మిఠాయిని మేఘమనియో, దూదియుండ యనియో భావించుమని ముందు చెప్పినచో మఱింత సేపు ఆగిరి. ఏకాదశి ఉపవాసము నాడు వంటయింటి ప్రక్కకు పోక భజనలో కూర్చుండు మన అవ్వలకు ఈ ఉపాయమును వేఱుగ బోధింపనక్కఱలేదు.

ఆ పిల్లలు పెరిగి పెద్దవారైన పిమ్మట విచారింపగా, ఎక్కువసేపు ఆగినవారు చదువులలోను మిన్నగ నుండిరని 1990లో ప్రకటించిరి. అంతట ఆ పరీక్ష ఒక జాతకచక్రము వంటిదై, ఒక మిఠాయితో పిల్లవాని భవిష్యత్తు తెలియునని అనేకులు వ్రాసిరి. 2018లో మఱికొందఱు పరిశోధకులు 900కు పైబడిన పిల్లల వివరములను పరిశీలింపగా ఆ సంబంధము సగమునకు తగ్గెను. ఇంటి స్థితిగతులను, బాల్యమున గనబడిన తెలివితేటలను లెక్కలోనికి తీసికొన్నచో ఆ మిగిలినదానిలోను మూడింట రెండువంతులు తగ్గెను. జాతకము వ్రాయుట అంత సులభము కాదు; ఆ సంగతి మావంటి పురోహితులకంటె ఎవరికి తెలియును?

ప్రసిద్ధమైన ఆ పరీక్షలో పెక్కుమంది గమనింపని యొక చిన్న సంగతి మాకు ముఖ్యముగ తోచినది. పిల్లవానిని ఒంటరిగ విడుచుటకు ముందు, గంట వాయించినంతనే పెద్దవాడు నిజముగ తిరిగివచ్చునని వానికి పలుమాఱులు చేసి చూపెడివారు. అనగా మొదట నమ్మకము, పిమ్మట ఓర్పు. ఆ మొదటి మెట్టు విఱిగినచో ఏమగునో 2012లో రోచెస్టరు విశ్వవిద్యాలయమున సెలెస్ట్ కిడ్ అను ఆమె తన సహచరులతో కలసి చేసిన పరీక్ష చూపినది. 28 మంది చిన్నపిల్లలను రెండు భాగములు చేసిరి. ఒక్కొక్కరికి మొదట పాతబడిన రంగుబలపములు ఇచ్చి, కొంచెము ఆగినచో మంచివి తెచ్చెదమనిరి. 14 మందికి చెప్పినట్లే మంచివి తెచ్చి యిచ్చిరి. తక్కిన 14 మంది కడకు వట్టిచేతులతో వచ్చి, క్షమింపుము, అవి లేవనిరి. అంటించు బొమ్మల విషయమునను అట్లే చేసిరి. పిమ్మట మిఠాయి పరీక్ష పెట్టిరి. మాట నిలిచిన పిల్లలు సగటున 12 నిమిషములు ఆగిరి. మాట తప్పబడిన పిల్లలు 3 నిమిషములు. మొదటి జట్టులో 9 మంది తుదివఱకు నిలిచిరి. రెండవ జట్టులో ఒక్కడే.

అరగంట కూడ పట్టని రెండు చిన్న అబద్ధములు ఓర్పును నాలుగవ వంతునకు తగ్గించినవి. పుట్టినది మొదలు అబద్ధములు విన్న పిల్లవాని సంగతి వేఱుగ చెప్పనేల?

ఇచ్చట మన పూర్వుల కథను తలచుకొనక తప్పదు. వారు ఈ ద్వీపమునకు వచ్చినప్పుడు నెలకు 5 రూపాయల జీతమనియు, బియ్యము పప్పులు వేఱుగ నిత్తుమనియు ఒప్పందములు వ్రాయబడెను. వచ్చిన పిమ్మట జరిగినదేమి? ఒక దినము పనికి రానిచో రెండు దినముల జీతము కోసివేయు డబుల్ కట్ అను పద్ధతి యుండెను. జీతములు నెలల తరబడి నిలిపివేయుటయు కలదు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోట యజమాని ఈ కష్టములను ఒక మహజరుగా వ్రాసిపెట్టగా, 9,401 మంది భారతీయులు దానియందు తమ గుర్తులుంచిరి. తత్ఫలితముగ 1872లో రాచవిచారణ సంఘము నియమింపబడినది. మిఠాయి వారము దినములకు వచ్చునని చెప్పి, వచ్చునప్పటికి సగము కొఱికివేయు యజమానితో మనవారు కాపురము చేసిరని దీని యర్థము.

ఐనను ఆ మనుష్యులే, ఆ 5 రూపాయలలోనే మిగిల్చి, గ్రాన్ మోర్సెల్మాన్ అను పేరున 1870 తరువాత పెద్ద తోటలు ముక్కలుగ అమ్మబడినప్పుడు భూములు కొనిరి. మాట తప్పు లోకమున వారికి ఆ ఓర్పు ఎట్లు నిలిచెను? మా యూహ యిది: యజమాని మాటను వారు నమ్మలేదు, తమలో తాము చెప్పుకొన్న మాటలను నమ్మిరి. చీటీ పాడినవాడు ఊరు విడిచి పోలేడు. ఆవును కొని పాలు అమ్మినచో ఆ డబ్బు ఆ సాయంకాలమే చేతికి వచ్చును. చెరకు దుబ్బు కోసిన చోటనే మరల చిగిర్చును. కాళిమాయి గుడికడ తోటివారి యెదుట అన్న మాట తప్పినవానికి మఱునాడు నీరిచ్చువారు లేరు. ఓర్పు వారి స్వభావమని గర్వించుటకంటె, ఓర్పునకు తగిన నెలవులను వారు వెదకికొనిరని చెప్పుట న్యాయము.

ఇంతవఱకు మనస్సును గూర్చి చెప్పితిమి. ఇక మెదడు ఏమి చేయుచున్నదో చూతము.

మెదడు నడిభాగమున కొన్ని నాడీకణములు డోపమిన్ అను పదార్థమును విడుచుచుండును. డోపమిన్ మెదడులో వార్తలు మోయు పదార్థమని స్వీడను దేశపు అర్విడ్ కార్ల్‌సన్ 1957 ప్రాంతమున కనుగొనెను; అందులకు 2000లో నోబెల్ బహుమానము పొందెను. దీనిని సుఖమునిచ్చు రసమని పత్రికలలో వ్రాయుట కలదు. అది సరికాదు. స్విట్జర్లాండులోని ఫ్రైబూర్గ్‌లో వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోతులకు పండ్లరసపు చుక్కలనిచ్చుచు, ఒక్కొక్క కణపు చప్పుడును యంత్రముతో వినెను. అనుకొనని వేళ రసము వచ్చినచో ఆ కణములు గట్టిగ మ్రోగెను. రసమునకు ముందు ఒక దీపము వెలుగుట అలవాటైన పిమ్మట, దీపము వెలిగినప్పుడే మ్రోగెను. రసము వచ్చినప్పుడు మౌనము వహించెను. దీపము వెలిగియు రసము రానిచో, అది రావలసిన క్షణముననే ఆ కణముల చప్పుడు మామూలుకంటె పడిపోయెను. 1997లో షుల్ట్జ్, డయాన్, మాంటేగ్ అను మువ్వురు కలసి దీనికి లెక్కతో కూడిన వివరణ వ్రాసిరి.

దీనిని మన చీనా దుకాణపు ఖాతాపుస్తకముతో పోల్చి చెప్పవచ్చును. మెదడులోని ఈ గుమాస్తా వచ్చిన సొమ్మును వ్రాయడు. అనుకొన్న సొమ్మునకును వచ్చిన సొమ్మునకును గల భేదమును వ్రాయును. ఎక్కువ వచ్చెనా, జమ. తక్కువ వచ్చెనా, ఖర్చు. అనుకొన్నంతయే వచ్చెనా, కలము ముట్టడు. ఈ లెక్కను బట్టి మఱునాటి ఆశను సరిదిద్దుకొనును. నెలజీతము ఎంత పెద్దదైనను మూడవ నెలకు సంతోషము కలిగింపదు. దారిలో దొరకిన 50 రూపాయలు దినమంతయు నవ్వించును. దీనికి కారణము ఆ గుమాస్తాయే.

మాట నిలుపుటయు, తప్పుటయు ఇదే పుస్తకమున ఎక్కునని 2005లో మాంటేగ్ బృందము చూపినది. ఇద్దఱు అపరిచితులను రెండు యంత్రములలో పరుండబెట్టి, వారి మెదళ్లను ఒకే కాలమున చిత్రించుచు, డబ్బుతో ఒక ఆట ఆడించిరి. మొదటివాడు రెండవవానికి కొంత పంపును, అది మూడింతలగును, రెండవవాడు తనకు తోచినంత తిరిగి పంపును. పదిమాఱులు ఇట్లు జరుగును. మొదట రెండవవాని మెదడులోని సంకేతము, ఎదుటివాడు ఔదార్యము చూపినది కనబడిన పిమ్మట వచ్చుచుండెను. ఆట సాగిన కొలది, నమ్మకము కుదిరిన కొలది, అది ముందునకు జరిగి, ఎదుటివాడు ఏమి చేయునో కనబడక మునుపే వచ్చెను. కోతికి రసమునుండి దీపమునకు జరిగినట్లే, మనుష్యునకు సొమ్మునుండి సొమ్ము పంపువాని మంచిపేరునకు జరిగినది. పలుకుబడి యని మన పెద్దలనునది ఎంత సత్యమైన పదార్థమో చూడుడు.

మఱి మంచి యింట పుట్టి, తండ్రి మాట నిలుపగా పెరిగినవాడు కూడ పందెములలో పడుట ఏల? పోర్ట్ లూయీలోని షాన్ ద మార్స్ మైదానమున 1812లోనే పందెములు మొదలైనవి. 2009లో లోటో వచ్చినది. ఈ ఆటలు ఆ గుమాస్తాను మోసగించు విద్యను బాగుగ నెఱిగినవి. 2003లో షుల్ట్జ్ సహచరులతో చేసిన పరీక్షలో, రసము తప్పక వచ్చుననియు, అసలు రాదనియు తెలిసినప్పుడు గాక, వచ్చునో రాదో సరిసగముగ నున్నప్పుడు ఆ కణములు ఎదురుచూచు కాలమంతయు ఎడతెగక మ్రోగుచుండెనని తేలినది. సందేహమే ఒక రుచి. గుర్రములు మలుపు తిరుగునప్పటి ఆ రెండు నిమిషములను అనుభవించినవారికి మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. 2009లో కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్కు బృందము మఱియొక సంగతి కనుగొనెను: వెండ్రుకవాసిలో తప్పిపోయిన ఆట, నిజముగ ఓడిన ఆటయే ఐనను, మెదడులో గెలుపునకు మ్రోగు చోటులనే కదిలించి, మఱల ఆడవలెనను కోరికను పెంచును. మెడ పొడవున ఓడిన గుర్రము ఇంటి పెద్దను మఱువారమునకు పిలుచుచున్నదన్నమాట.

నష్టపడినవాని సంగతి ఇంకను వింతయైనది. 1956లో మెక్‌గ్లోథ్లిన్ అను పరిశోధకుడు అమెరికాలోని గుర్రపు పందెముల లెక్కలను చూచి, దినపు చివరి పందెమున జనులు గెలువజాలని గుర్రములపై మఱింత ఎక్కువగ కాయుదురని చూపెను. నష్టముతో ఇంటికి పోవుట భరింపజాలక, ఒక్క దెబ్బతో అంతయు రాబట్టుకొనవలెనని వారి తపన. 1979లో డానియల్ కానెమన్, అమోస్ ట్వెర్స్కీ అనువారు ఇందలి మర్మమును విప్పిరి: 100 రూపాయలు వచ్చినప్పటి సంతోషముకంటె 100 పోయినప్పటి దుఃఖము పెద్దది, దుఃఖమునుండి తప్పించుకొనుటకై మనుష్యుడు తన సహజమైన జాగ్రత్తను విడుచును. పిసినారి యని ఊరిలో పేరుపడ్డవాడు సాయంకాలమునకు జేబు దులుపుకొని వచ్చుట చూచి మనము ఆశ్చర్యపడుచుండుట యిందువలననే.

పందెపు చీటీని పూజపళ్లెములో పసుపుకుంకుమల ప్రక్కన ఉంచి మాయెదుటికి తెచ్చినవారిని కూడ మేము ఎఱుగుదుము. సింహాద్రి అప్పన్నకు గుర్రముల పేర్లు తెలియవని చెప్పి దానిని తీసివేయించితిమి.

ఇది కేవలము మనోబలమునకు సంబంధించినది కాదనుటకు వైద్యుల కడ ఒక నిదర్శనము కలదు. చేతులు వణకు పార్కిన్సన్ వ్యాధిలో డోపమిన్ కణములు నశించును గనుక, దానివలె పనిచేయు మందులను ఇత్తురు. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 11 మంది రోగులను గూర్చి ప్రకటించిరి. మందు వాడుచుండగా వారు జూదరులైరి. వారిలో పెక్కుమందికి అంతకుముందు ఆ వ్యసనము లేదు. మందు తగ్గించిన లేక మాన్పించిన పిమ్మట ఆ కోరిక అణగినవారు కలరు. (మన కుటుంబములలో ఈ మందులు వాడువారు భయపడి తమంతట తాము మానరాదు. అట్టి మార్పు కనబడినచో వైద్యునకు దాచక చెప్పవలెను. అది సిగ్గుపడదగినది కాదు.) పండుముసలి తాత ఒక మాత్రవలన జూదరి యగుట సాధ్యమైనచో, పాతికేండ్ల కుమారుని గూర్చి వానికి బుద్ధిలేదని ఒక్కమాటతో త్రోసివేయుట తగదు. అట్లని వాని తప్పును మేము ఒప్పుగ చేయుట లేదు. ఇంటి సొమ్ము పోయినది, తల్లి ఏడ్చుచున్నది. కాని వైద్యము చేయవలెనన్న వ్యాధి ఎక్కడనున్నదో తెలియవలెను.

కాలమును గూర్చి ఒక మాట. నేడు 100 రూపాయలు కావలెనా, రేపు 110 కావలెనా యని అడిగినచో పెక్కుమంది నేటివే యిమ్మందురు. 30 దినములకు 100, 31 దినములకు 110 అన్నచో, ఒక దినము ఆగిన నేమి యని 110 కోరుదురు. రెండు చోటులను ఆగవలసినది ఒక దినమే. దూరమునుండి చూచునప్పుడు మనము వివేకులము. దగ్గఱకు వచ్చునప్పటికి నేడు అనునది పర్వతమువలె అడ్డు నిలుచును. కావున నిశ్చయములను దూరమునుండియే చేసికొనవలెను. జీతము చేతికి రాకమునుపే చీటీకి పోవలసిన భాగమును విడదీయించుకొను స్త్రీలు మన గ్రామములలో కలరు. జీతపునాడు భర్తతో వాదించుటకంటె నెల ముందు వాదించుట సులభమని వారికి ఎవరును చెప్పకయే తెలిసినది.

మన శాస్త్రములలో ఈ విషయమునకు మూలమైన కథ నచికేతునిది. అందు యముడు శ్రేయస్సు, ప్రేయస్సు అను రెండు మార్గములను విడదీసి చెప్పెననియు, ఏనుగులు, గుర్రములు, బంగారము, దీర్ఘాయువు ఇత్తునన్నను ఆ బాలుడు వలదనెననియు అందఱును ఎఱుగుదురు. ఉపన్యాసములలో ఆ భాగమే చెప్పుట వాడుక. ట్రినిడాడ్ మిఠాయిల కథ తెలిసిన పిమ్మట మేము ఆ కథ మొదటి భాగమును మరల చదివితిమి. తండ్రి సర్వమును దానము చేసెదనని యజ్ఞము పూని, పాలు వట్టిపోయిన ముసలి ఆవులను దానమిచ్చుచుండెను. కుమారుడు దానిని చూచెను. నన్నెవరికి ఇత్తువని ముమ్మాఱు అడుగగా, యమునకిత్తునని తండ్రి కోపమున పలికెను. ఆ మాటయైనను బొంకు కారాదని బాలుడు బయలుదేఱెను. యముడు ఇంట లేడు. మూడు రాత్రులు అన్నపానములు లేక వాకిట కాచుకొనెను. తిరిగివచ్చిన యముడు, అతిథిని వేచియుండజేసినందులకు, రాత్రికొకటి చొప్పున మూడు వరములిచ్చెను, ఒక్కటియు తగ్గింపలేదు. కన్నతండ్రి తగ్గించి యిచ్చినచోట, మృత్యుదేవత లెక్క తప్పక యిచ్చెను. నచికేతుడు ఆ బంగారమును వలదని, అంతకంటె దూరమున నున్నదానిని కోరగలిగినది, మాట నిలుపువాని యెదుట నిలిచిన పిమ్మటనే.

అందుచే ఏడ్చుచున్న ఆ తల్లికి మేము ఇప్పుడు చెప్పునది రెండు మాటలు. కుమారుని జీతపు డబ్బును వాని సమ్మతితోనే ముందుగ వేఱొక చేతిలో పెట్టించుట, పందెపు దినమున వానికి తోట పనియో, ఆలయ సేవయో, స్నేహితుల కూడికయో ఏర్పఱచుట మొదటిది; కనబడని మిఠాయికి ఆగుట సులభము. వ్యసనము ముదిరినచో వైద్యునికడకు పోవలెను, మాకడకు మాత్రమే కాదు. రెండవది ఇంటిలోని చిన్నపిల్లలను గూర్చినది. పరీక్షలైన పిమ్మట సముద్రతీరమునకు తీసికొనిపోయెదనని తాత చెప్పినచో, వర్షము వచ్చినను, మోకాళ్లు నొచ్చినను, పోవలెను. పోజాలనివాడు చెప్పరాదు. సైకిలు కొనిపెట్టెదనని ఊరడించి మఱచిపోవు పెదనాన్నలు ప్రతి యింటను ఉందురు. వారికది మాట, పిల్లవాని ఖాతాపుస్తకమున అది వ్రాయబడును.

మా ఆలయపు ఆదివారపు తెలుగు తరగతిలో ఒక నియమము కలదు. పుస్తకము బీరువాలోనికి రానిదే బహుమతి ప్రకటింపబడదు. రాబోవు ఉగాది బహుమతులకై పెద్దబాలశిక్షలును, రంగుల పెట్టెలును వచ్చియున్నవి. సంవత్సరమంతయు హాజరైన ప్రతి బాలునికిని, బాలికకును ఆ దినముననే ఇవ్వబడును. బీరువా తలుపులు అద్దపువి గనుక, పిల్లల సౌకర్యార్థము లోపలివైపున తెర కట్టించితిమి.